మీనా కథలు: ప్రవాసాంధ్ర బాలల స్మృతి

తెలుగు బాలసాహిత్య చరిత్రను వ్రాయువారు 1945లో వెలువడిన ‘బాల’ పత్రికను, 1947లో ప్రారంభమైన ‘చందమామ’ను, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు కృషిని తప్పక స్మరింతురు. అచ్చటినుండి పాఠ్యపుస్తకముల వైపునకు మరలుదురు. దూరదర్శనపు తెరపై కదలిన బొమ్మల కథలను సాహిత్యచర్చకు తగినవిగా నెంచినవారు అరుదు. ఈ యుపేక్షవలన గలిగిన నష్టము ఆంధ్రదేశమున కంటె నితర రాష్ట్రములందలి తెలుగువారి విషయమున హెచ్చు. అందులకు సూరతు సమీపమందలి హజీరా మంచి నిదర్శనము.

తపతీనది సముద్రమున గలియుచోట నున్న యీ ప్రదేశము గడచిన నాలుగు దశాబ్దములలో పరిశ్రమల నెలవైనది. క్రిభ్కో వారి యెరువుల కర్మాగారము, ఓ.ఎన్.జి.సి. వారి సహజవాయు కేంద్రము, ఎస్సార్ సంస్థ స్థాపింపగా 2019లో ఆర్సెలర్ మిత్తల్, నిప్పన్ స్టీల్ సంస్థల పరమైన యుక్కు కర్మాగారము ఇచ్చటివే. ఉద్యోగార్థులై వచ్చిన తెలుగు కుటుంబములు కర్మాగారముల కాలనీలలో నివసించినవి. సూరతు నగరమున లింబాయతు మొదలగు పేటలలో మఱియొక తెలుగు సమాజము గలదు. వారు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుదెరువునకై వచ్చిన పద్మశాలీలు. మరమగ్గములే వారి జీవనాధారము. నగరపాలక సంస్థ వీరి పిల్లలకై తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడుపుచు వచ్చినది. కాలనీకిని పేటకును నడుమ దూరము కొలది మైళ్లే గాని, బ్రతుకులలోని యంతరము చాల పెద్దది.

ఈ రెండు తావులందును 1990ల దశకమున బాల్యము గడపినవారికి సమానముగా నందిన కథలు కొన్నియే. వానిలో మీనా కథలు ముఖ్యమైనవి. సార్క్ దేశములు 1991 నుండి 2000 వఱకు గల దశాబ్దమును బాలికల దశాబ్దముగా ప్రకటించినవి. ఆ సందర్భమున యూనిసెఫ్ సంస్థ బంగ్లాదేశమున నీ కథామాలకు పూనుకొన్నది. భారతీయ చలనచిత్రలేఖనమునకు పితామహుడనదగిన రామ్ మోహన్ ఆ పాత్రలకు రూపము నిచ్చెను. మీనా ఏ దేశపు పిల్లయో తెలియరాదు. ఏ దేశమునకును పరాయిది కాదు. ఆమెకు తమ్ముడు రాజు, చిలుక మిట్టూ, లాలీ యను ఆవు తోడు.

మొదటి కథలో మీనా బడికి పోవుటకు నోచుకొనదు. మిట్టూ బడి కిటికీచెంత జేరి గుణకారపట్టికను విని వచ్చి యామెకు వల్లించును. ఆ లెక్కతో మీనా కోళ్లను లెక్కించి యొకటి తగ్గినదని కనుగొనును, దొంగ పట్టువడును, తండ్రి బడికి పంప నంగీకరించును. తెలుగు పాఠకునకు చిలుక క్రొత్త కాదు. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో చిలుక కథలు చెప్పుచు స్త్రీని గడప దాటనీయక నిలుపును. ఇచ్చట చిలుకయే గడప దాటి, దాటలేని బాలికకు విద్యను గొనివచ్చును. ఈ తారుమారును రచయితలు బుద్ధిపూర్వకముగా జేసిరని చెప్పుట సాహసమే యగును. అయినను తులనాత్మక పరిశీలనకు నింతకంటె దగిన విషయము సులభముగా దొరకదు.

ఈ కథలో నొక లోపమున్నది. మీనాకు చదువు హక్కుగా లభింపలేదు. ఆమె లెక్కవలన కోడి దక్కినది గనుక లభించినది. ఇంటికి లాభము చూపలేని ఆడపిల్ల యేమి కావలెనను ప్రశ్నకు కథ సమాధానము చెప్పదు. 1874లోనే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారి తరమువారు గూడ స్త్రీవిద్యను సమర్థించుటకు గృహనిర్వహణపు ప్రయోజనములను చూపవలసి వచ్చెను. నూఱేండ్లు గడచినను వాదము మారకుండుట విచారకరము.

మామిడిపండు పంచుకొను కథ దీనికంటె మేలైనది. రాజునకు పెద్దముక్క, మీనాకు చిన్నముక్క. గ్రుడ్డు రాజునకే. పిమ్మట పిల్లలిద్దఱు నొకనాటికి పనులు మార్చుకొందురు. ఇంటిపని చేసి యలసిన రాజు, తనకు పెట్టిన కొద్దిపాటి తిండిని చూచి న్యాయము గ్రహించును. ఉపన్యాసము లేదు, ఆకలియే బోధించును. ఈ కథను జ్ఞాపకము చేసికొనువారిలో రాజు స్థానమున తమ్ము నిలుపుకొన్న మగపిల్ల లెందఱో విచారింపదగును. కాలనీలోని బాలునకు చిలుక పలుకులు వినోదము గావచ్చును. మగ్గములపేటలోని బాలిక కా మామిడిముక్క తన కంచములోనిదే కావచ్చును. ఇరువురును నేడు ప్రీతితోనే స్మరింతురు. ఆ ప్రీతి యొక్కటియే యని భ్రమపడరాదు.

కోరికలు తీర్చు భూతమును మీనా పరిశుభ్రతకై వేడిన కథయు నున్నది. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు వ్యాపింపగా వేలకొలది కార్మికులు నగరము విడిచి పాఱిపోయిరి. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కాలమున నగరపు రూపు మాఱినది. ఆ యేండ్లలో బడి చదువు చదివిన పిల్లలకు చేతులు కడుగుకొనుట, మరుగుదొడ్డి వాడుట అను మాటలు కేవల బొమ్మల కథలు గావు.

కాని యీ స్మృతి తెలుగున లేదు. కథ హిందీలో వినబడినది. పాట హిందీలో నిలిచినది. ముప్పదియైదేండ్లు దాటిన యా శ్రోతలు నేడు తమ బిడ్డలకు మీనా కథ చెప్పబోయినచో మాటలు హిందీలోనే వచ్చుట సహజము. దీనికి వారిని నిందించుట తగదు. ఇంటిలో మామిడిపండు గూర్చి తెలుగున మాటలాడిన పిల్లకు, దాని పంపకములోని యన్యాయమును గూర్చి మాటలాడుటకు మాత్రము పరభాష నేర్పబడినది. వంటింటి భాషగా తెలుగు, వివేకపు భాషగా హిందీ యను నీ విభజనమే ప్రవాసాంధ్రులలో భాష క్షీణించుటకు ముఖ్యకారణమనుట యతిశయోక్తి కాదు. సభలు, సన్మానములు దీనిని చక్కదిద్దలేవు.

విశ్వవిద్యాలయములందలి తెలుగు శాఖలు ప్రబంధములపై పరిశోధనలను మానవలసిన పని లేదు. ఒకరిద్దఱు విద్యార్థులనైనను సూరతునకు పంపి, ఆ తరమువారిచేత మీనా కథలను వారి వారి తెలుగులో చెప్పించి, యే మాటకు తడుముకొందురో, యెచ్చట హిందీ దొరలునో వ్రాసికొనవలెను. లింబాయతుతో నారంభించుట మేలు. హజీరా కాలనీలవారు బదిలీలపై చెదరిపోవుదురు. మగ్గములవారు తరములు గడచినను అచ్చటనే యున్నారు.