నిగ్రహము బలహీనతయా?

2008 నవంబరు 26వ తేదీ రాత్రి, కరాచీ నుండి సముద్రమార్గమున వచ్చిన పదిమంది సాయుధులు ముంబయి నగరమున ప్రవేశించి మూడు దినములపాటు నరమేధము సాగించిరి. ఛత్రపతి శివాజీ రైల్వే స్టేషను, తాజ్‌మహల్ హోటలు, ఒబెరాయ్ హోటలు, యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్ రక్తసిక్తములైనవి. 166 మంది అసువులు బాసిరి. ఆ రాత్రియే గిర్‌గావ్ చౌపాటీ వద్ద తుకారామ్ ఓంబ్లే అను పోలీసు ఉద్యోగి, చేత లాఠీ తప్ప వేరాయుధము లేనివాడు, ఒక హంతకుని తుపాకి గొట్టమును పట్టుకొని ప్రాణము పోవువరకు విడువలేదు. ఆయన మరణించెను, హంతకుడు సజీవముగా దొరికెను. 2009లో ప్రభుత్వము ఓంబ్లేకు మరణానంతరము అశోకచక్రమిచ్చి గౌరవించినది.

పట్టుబడిన అజ్మల్ కసాబ్ వద్ద ఒక దొంగ గుర్తింపు కార్డు దొరికినది. అందు హిందూ నామధేయము కలదు. హైదరాబాదులోని ఒక కళాశాలలో విద్యార్థియని వ్రాసియున్నది. అతడును తక్కిన తొమ్మండుగురి వలె మరణించి యుండినచో, ఆ కార్డు ఎన్ని వదంతులకు తావిచ్చెడిదో, ఎందరు నిరపరాధుల వైపు వేలు చూపెడిదో ఊహింపవచ్చును. హంతకుల యజమానులు కోరినది అదియే. మనలో మనకు అనుమానము పుట్టవలెను. కోపము అడ్డదారిని పోవలెను. ఓంబ్లే పట్టు ఆ కుట్రను భగ్నము చేసినది. శత్రువును చంపుటకంటె పట్టుకొనుట కష్టము. కాని పట్టుకొన్నవానికే సత్యము చిక్కును.

నాడు దేశమంతటను ఒకే ప్రశ్న వినవచ్చినది: “మన సైన్యమేల ఊరకున్నది?” ఆ ప్రశ్న సహజమైనది. దానిని వేసినవారిని యుద్ధోన్మాదులని తీసివేయుట న్యాయము కాదు. నాటి విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మీనన్ కూడ వెంటనే ప్రతీకార చర్య జరుపవలెననియే మొదట కోరెను. ప్రభుత్వము అందుకు సమ్మతింపలేదు. ఎనిమిదేండ్ల పిమ్మట వెలువరించిన గ్రంథమున ఆయన, నాటి సంయమనమే సరియైన నిర్ణయమని ఒప్పుకొనెను. సైనికదాడి జరిగియుండినచో లోకము దృష్టి హంతకుల మీదినుండి తొలగి, రెండు అణ్వాయుధ రాజ్యముల కలహము మీదికి మరలి యుండెడిది. అపరాధికి అంతకంటె మంచి ఆశ్రయము మరొకటి లేదు.

అయితే నిగ్రహమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. 2008 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కమిటీ హఫీజ్ సయీద్, జకీఉర్ రహ్మాన్ లఖ్వీలను ఆంక్షల జాబితాలో చేర్చినది. ఆ నెలాఖరునకు జాతీయ దర్యాప్తు సంస్థను నెలకొల్పు చట్టము అమలులోనికి వచ్చినది. 2009 జనవరి 5న భారతదేశము తాను సేకరించిన సాక్ష్యములను పాకిస్తానునకు అందజేసి, ఇతర దేశముల ప్రతినిధుల ముందును ఉంచినది. అంతవరకు కసాబ్ తమవాడు కాడన్న పాకిస్తాను, రెండు దినములలో అతడు తమ పౌరుడేయని అంగీకరింపక తప్పలేదు. కుట్రలో కొంత భాగము తమ గడ్డమీదనే జరిగినదని ఫిబ్రవరిలో ఆ దేశపు మంత్రిత్వశాఖయే ప్రకటించినది. బాంబులు ఆ ఒప్పుకోలును రాబట్టగలిగి యుండెడివా?

హతులలో పెక్కు దేశములవారుండుటచే దర్యాప్తును ఒక్క దేశమునకు పరిమితము కాలేదు. అమెరికా నిపుణులు ముంబయి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చిరి. దాడికి ముందు నగరమంతయు తిరిగి గుర్తులు సేకరించిన డేవిడ్ హెడ్లీ 2009లో షికాగోలో పట్టుబడి, 2013లో 35 ఏండ్ల కారాగారశిక్ష పొందెను. 2016లో దృశ్యమాధ్యమము ద్వారా ముంబయి న్యాయస్థానమునకు వాఙ్మూలమిచ్చెను. హంతకులకు ఫోనుపై ఆదేశములిచ్చిన గదిలో ఉన్నాడని ఆరోపణకు గురియైన వానిని 2012లో సౌదీ అరేబియా మన దేశమునకు పంపినది. హెడ్లీ మిత్రుడైన తహవ్వుర్ రాణాను సుదీర్ఘ వ్యాజ్యము పిదప 2025 ఏప్రిల్‌లో అమెరికా మనకు అప్పగించినది. పదునారేండ్లు దాటినను చట్టము మరచిపోలేదు.

కసాబ్‌కు సైతము బహిరంగ విచారణ జరిగినది. న్యాయవాది సహాయము లభించినది. సుప్రీంకోర్టు వరకు అప్పీలు సాగినది. 2012 నవంబరు 21న పుణెలోని ఎరవాడ జైలులో ఉరిశిక్ష అమలైనది. అదే విచారణలో సహనిందితులైన ఇద్దరు భారతీయులను సాక్ష్యము చాలదని న్యాయస్థానము విడిచిపెట్టినది. ఈ రెండవ విషయమే మొదటిదానికి విలువ నిచ్చినది. నిర్దోషిని విడువగల న్యాయస్థానము విధించిన శిక్షనే లోకము శిక్షగా గౌరవించును. లేనిచో అది పగ యనిపించుకొనును.

ఇట్టి ఉదాహరణము ఐరోపాలోను కలదు. బెర్లిను నగరమున జరిగిన బాంబుదాడికి ప్రతీకారముగా 1986 ఏప్రిల్‌లో అమెరికా విమానములు లిబియాపై బాంబులు కురిపించినవి. రెండున్నరేండ్లు తిరిగెనో లేదో, 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్‌బీ పట్టణముపై ఒక అమెరికా విమానము బాంబుచే పేలి 270 మంది మరణించిరి. ఈసారి అమెరికా, బ్రిటన్ దేశములు నేరారోపణ, ఐక్యరాజ్యసమితి ఆంక్షలు అను మార్గము నెన్నుకొనినవి. 1999లో లిబియా ఇద్దరు నిందితులను అప్పగించినది. హాలండు దేశమున, స్కాట్లండు న్యాయమూర్తుల యెదుట విచారణ జరిగినది. 2001లో ఒకడు దోషియనియు, మరియొకడు నిర్దోషియనియు తీర్పు వెలువడినది. ఆ తీర్పును శంకించువారు నేటికిని కలరు. అయినను 2003లో లిబియా బాధ్యత వహించి, మృతుల కుటుంబములకు పరిహారమిచ్చుటకు ఒప్పుకొనినది. విమానదాడి సాధింపలేని దానిని ఓర్పు సాధించినది.

ఇక రెండవ పక్షమును కూడ వినవలెను. పాకిస్తానులో ముంబయి కుట్రపై 2009లో మొదలైన విచారణ ముగింపునకు రాలేదు. లఖ్వీ 2015లో జామీనుపై జైలు వెడలెను. 2016లో పఠాన్‌కోట్, ఉరీ, 2019లో పుల్వామా, 2025 ఏప్రిల్ 22న పహల్గామ్, రక్తము పారుచునే యున్నది. నిగ్రహమును శత్రువు అలుసుగా తీసికొనెనని అనేకులు తలచుట ఇందువలననే. ఉరీ, పుల్వామా, పహల్గామ్ ఘటనల పిదప భారతదేశము సైనికచర్యకు పూనుకొన్నది. దండోపాయమే కూడదని ఈ వ్యాసకర్త వాదింపడు. కాని 2025 మే నెలలో నాలుగు దినముల సంఘర్షణ ఆగిన పిమ్మట మన ప్రభుత్వము చేసినదేమి? అన్ని పక్షముల సభ్యులతో ఏడు బృందములను దేశదేశములకు పంపినది. కత్తి దూసినవాడు కూడ తుదకు లోకమును ఒప్పించుకొనవలసినదే.

మరొక సంగతి గమనింపదగినది. ఉగ్రవాదులకు ధనసహాయమును నిరోధించు అంతర్జాతీయ సంస్థ 2018 జూన్ నుండి 2022 అక్టోబరు వరకు పాకిస్తానును అనుమానిత దేశముల జాబితాలో ఉంచినది. అప్పుల కొరకు పరుల తలుపు తట్టుచున్న దేశమునకు అది గట్టి దెబ్బ. ఆ కాలముననే, 2020లో హఫీజ్ సయీద్‌కును, 2021 జనవరిలో లఖ్వీకిని పాకిస్తాను న్యాయస్థానములు ధనసేకరణ నేరముపై శిక్షలు విధించినవి. ముంబయి హత్యలకు అది ప్రాయశ్చిత్తము కాదు. అయినను తుపాకులు తెరవలేని ఆ కారాగార ద్వారమును లెక్కల పుస్తకములు తెరచినవి. మరి 2001లో యుద్ధమునే ఆశ్రయించిన అమెరికా ఇరువదేండ్లు ఆఫ్గనిస్తానులో పోరాడి, 2021 ఆగస్టులో వెడలిపోవు వేళకు కాబూలు నగరము తిరిగి తాలిబానుల వశమైనది.

ప్రభుత్వముల నిగ్రహము ప్రజల నిగ్రహముపై ఆధారపడియుండును. ముంబయిలో మరణించిన తొమ్మండుగురు హంతకుల దేహములను తమ శ్మశానమున పూడ్చుటకు ఆ నగరపు ముస్లిం ట్రస్టు నిరాకరించినది. అమాయకులను చంపినవారికి తమ మతమున స్థానము లేదని వారు చాటిరి. నగరమున మతకలహము చెలరేగలేదు. దాడి చేసినవారికి నిజమైన ఓటమి అచ్చటనే సంభవించినది.

మహాభారతమునందలి సౌప్తికపర్వ కథ విద్యార్థులెరిగినదే. అశ్వత్థామ అర్ధరాత్రమున శిబిరమున జొరబడి నిద్రించుచున్న ఉపపాండవులను వధించెను. నేటి మాటలో చెప్పవలెనన్న అది ఉగ్రవాదమే. పోతన భాగవతమున అర్జునుడు వానిని వెంటాడి, పట్టి బంధించి, పుత్రశోకమున మునిగియున్న ద్రౌపది ముందు నిలిపెను. చంపవలెనని భీముడనెను, గురుపుత్రుని విడువుమని ద్రౌపది పలికెను. తుదకు శిరోమణిని హరించి, అవమానించి పంపివేసిరి. ఏది ఉచితమైన శిక్షయో నేటికిని వాదింపవచ్చును. కాని వెంటాడుటలో అర్జునుడు ఆలస్యము చేయలేదు, శిక్షించుటలో తొందరపడలేదు. శోకించుచున్న తల్లి మాటను వినకయే తీర్పు చెప్పలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు, “మనము బలవంతులమా, పిరికివారమా?” అను ప్రశ్నతో ఆగిపోరాదు. నేరస్థుడెవడు, సాక్ష్యమేది, శిక్ష ఎవరిపై పడును, దాని ఫలమెవరనుభవింతురు అని విద్యార్థులచే అడిగింపవలెను. ఆ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ఓర్పు కావలెను. చౌపాటీ వద్ద తుపాకి గొట్టమును విడువని ఆ చేతులకు కోపము లేదని ఎవరనగలరు? కాని ఆ కోపము పట్టుగా మారినది. అందుచేతనే హైదరాబాదు కార్డు అబద్ధమని తేలినది.