చెత్త తీయమంటే సామాన్లు తీసేసింది!

కోడ్ రాసే ఫ్రెండ్స్‌కి గిట్ కొత్తేం కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మన ఫైళ్లలో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే 'గిట్ ఉందిగా, ఏం పోదులే' అని మనకో ధీమా. ఆ ధీమా పనిచేయని చోటు ఒకటుంది... 'గిట్ క్లీన్' కమాండ్. మనం గిట్‌కి అప్పగించని ఫైళ్లను అది తుడిచేస్తుంది. వాటికి గిట్‌లో పాత కాపీ ఉండదు. రీసైకిల్ బిన్‌లోకీ వెళ్లవు. పోతే పోయినట్టే!

అలాంటి కమాండ్‌లోనే ఒకప్పుడు బగ్ ఉండేది. దాన్ని సరిచేసిన తీరు నాకు భలే నచ్చుతుంది.

కొన్ని ఫైళ్లను పట్టించుకోవద్దని 'గిట్‌ఇగ్నోర్' లిస్టులో రాసుకుంటాం కదా. ఫోల్డర్లు క్లీన్ చేసేటప్పుడు అవి పోకుండా చూడాలని 2017లో ఒక మార్పు చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ వినాయకుణ్ని చేయబోతే కోతి అయింది. మన ఫోల్డర్‌లో ఇంకో గిట్ ప్రాజెక్ట్ ఉంటే, 'ఫోర్స్' అని రెండుసార్లు చెబితే తప్ప క్లీన్ దాని జోలికి వెళ్లకూడదు. అయితే లోపలి ప్రాజెక్ట్‌లో ఏ ఒక్క ఫైలైనా బయటి ఇగ్నోర్ లిస్టుకి సరిపోయిందో, లెక్క తప్పేది. ఆ ఒక్క ఫైల్‌ని భద్రంగా వదిలేసి మిగతావన్నీ చెరిపేసేది!

దీన్ని సరిచేసేటప్పుడు ముందు కోడ్ ముట్టుకోలేదు. బగ్ ఉందని నిరూపించే టెస్ట్ రాశారు. ఆ తర్వాతే, ఫైళ్లు వెతికేటప్పుడు లోపలి ప్రాజెక్ట్ గడప దాటొద్దని కోడ్‌కి చెప్పారు. 2019 నవంబర్‌లో వచ్చిన 2.24 వెర్షన్‌తో ఆ సమస్య తీరింది. ఆ టెస్ట్ ఇప్పుడు కాపలా కాస్తుంది. రేపెవరైనా మంచి ఉద్దేశంతోనే మళ్లీ అదే తప్పు చేస్తే వెంటనే పట్టేస్తుంది.

టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. ఫైళ్లు చెరిపే కోడ్ రాస్తే, ఏం పోవాలో చూసే టెస్ట్ ఒక్కటే చాలదు. ఏం మిగలాలో చూసే టెస్ట్ కూడా ఉండాలి.

మరి మనం వాడేటప్పుడు? ముందు 'మైనస్ ఎన్' పెట్టి నడపండి. ఏవి పోతాయో చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. లిస్టు చదివాకే 'మైనస్ ఎఫ్'. 'మైనస్ ఎక్స్' జతచేస్తే మాత్రం ఇగ్నోర్ లిస్టులో ఉన్నవీ పోతాయి. పాస్‌వర్డ్‌లు దాచుకున్న ఫైల్ చాలాసార్లు ఉండేది అక్కడే. ఎంటర్ కొట్టేముందు పది సెకన్లు ఆగితే పోయేదేం లేదు!