మిఠాయి కొట్టు చేతులు మారింది

మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, బీపీ, క్యాండీ క్రష్ - ఈ మూడూ ఆవిణ్ణి ఒక్కరోజు కూడా వదిలిపెట్టవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడక్కుర్చీలో చేరి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎర్ర మిఠాయి పక్కన ఎర్రది, పచ్చదాని పక్కన పచ్చది చేరుస్తూ నాలుగువేల చిల్లర మెట్లు ఎక్కేశారు. ఆ మెట్ల సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో తిరుపతి కొండ నడిచి ఎక్కొచ్చినంత దర్జా పలుకుతుంది. నవ్వకండి. ఫోనులో ఆ మిఠాయిలు లేనివాళ్ళు చెయ్యెత్తండి చూద్దాం! నేనైతే ఎత్తలేను.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు కొడుకు అది చూశాడు. "అమ్మమ్మా, ఆ ఆట ఎవరిదనుకున్నావ్? మన సత్య నాదెళ్ల కంపెనీ కొనేసింది. మన హైదరాబాదువాడు!" అన్నాడు, చెక్కు మీద సంతకం తనే పెట్టొచ్చినంత గర్వంగా. "అలాగా! మనవాళ్ళేనా!" అని మా అత్తగారు మురిసిపోయి ఇంకో వరస మిఠాయిలు పేల్చేశారు.

నాకు మాత్రం మురవబుద్ధి కాలేదు.

ముందు ఆ కొట్టు చేతులు మారిన కథ చెబుతాను. 2003లో స్వీడన్‌లో పుట్టిన కింగ్ అనే సంస్థ 2012లో ఈ ఆట విడుదల చేసింది. 2016లో ఆక్టివిజన్ బ్లిజార్డ్ అనే అమెరికా సంస్థ, తుపాకుల ఆటలకి పేరుమోసినది, 590 కోట్ల డాలర్లకి కింగ్‌ని కొనుక్కుంది. 2022 జనవరిలో ఆ ఆక్టివిజన్‌నే మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకి బేరమాడింది. అప్పటి మారకం ప్రకారం మన లెక్కలో ఐదు లక్షల కోట్ల రూపాయల పైమాటే. మిఠాయిల డబ్బా తుపాకుల పెట్టెలోకి వెళ్ళింది, ఆ పెట్టె ఇంకో బీరువాలోకి వెళ్ళింది, ఆ బీరువా తాళంచెవి ఎవరి కొంగున ఉందో మా అత్తగారికి సంక్రాంతి దాకా తెలియనే లేదు.

బేరం మీద తగువు లేకపోలేదు. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ అడ్డుపడింది. 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ వాళ్ళు కుదరదన్నారు. ప్లేస్టేషన్ అమ్మే సోనీ అయితే గుండెలు బాదుకుంది. తుపాకుల ఆట 'కాల్ ఆఫ్ డ్యూటీ'ని రేపు మాకు దక్కనివ్వరేమోనని దాని బెంగ. (ఆ సోనీ మాత్రం తక్కువ తిందా? అదే 2022లో బంగీ అనే ఆటల సంస్థని 360 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.) పదేళ్ళపాటు ఆ ఆట మీకూ ఇస్తాంలెండని మైక్రోసాఫ్ట్ సోనీకి రాసిచ్చింది, అమెరికా న్యాయమూర్తి ఒప్పుకున్నారు, బ్రిటన్‌కి నచ్చచెప్పుకున్నారు, 2023 అక్టోబరు 13న బేరం పూర్తయింది. తగువు ఎక్కువగా తుపాకుల చుట్టూనే తిరిగింది. మధ్యాహ్నంపూట మిఠాయిలు పేర్చుకునే ఇల్లాళ్ళ ఊసు పెద్దగా ఎవరూ ఎత్తలేదు. ఫోన్లలో ఆడేవాళ్ళ కోసం కూడా ఈ కొనుగోలు అని మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్పుకున్నారే! అంటే ఆ ధరలో మా అత్తగారి వంతు కూడా ఉందన్నమాటే కదా?

"పెద్ద కంపెనీ కొంటే నష్టమేమిటత్తయ్యా? ఒక్కొక్క ఆటా విడిగా కొనక్కర్లేదు. నెల చందా కడితే వందల ఆటలు ఆడుకోవచ్చు" అన్నాడు మావాడు.

నాయనా, ఈ మాట నేను ఇదివరకే విన్నాను. మా వీధిలో ఒకప్పుడు ఇద్దరు కేబుల్ వాళ్ళుండేవాళ్ళు. పోటీలు పడి కనెక్షన్లిచ్చారు. బొమ్మ రాకపోతే పిలిచిన పావుగంటలో నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చేవారు. పండక్కి ఒక నెల చందా మాఫీ కూడానూ. ఒకరోజున ఒకడు రెండోవాణ్ణి కొనేశాడు. నాలుగు నెలలు తిరక్కుండా చందా పెరిగింది, నిచ్చెన మాయమైంది. ఫోన్ చేస్తే, "ఇష్టముంటే ఉంచుకోండి, లేకపోతే పీకేస్తాం" అన్నాడు. పీకించుకుని ఎక్కడికి పోతాం?

మావాడు చెప్పే ఆ నెల చందా పేరు గేమ్ పాస్. అందులో పై తరగతి చందా 2019లో అమెరికాలో నెలకి 14.99 డాలర్లు. 2025 అక్టోబరులో అది 29.99 అయింది. ఆరేళ్ళలో రెట్టింపు, అందులోనూ చివరి పది డాలర్లూ ఒకే ఊపులో! కేబుల్ వాడు నయం, మొహమాటానికైనా పాతికా పాతికా పెంచాడు.

చందా కడుపుమంట సరే, అది ఎలాగో చల్లారుతుంది. నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. 2024 జనవరిలో, కొనుగోలు పూర్తయి మూడు నెలలకి, మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. మేలో మరికొన్ని ఆటల సంస్థల్ని మూసేస్తున్నామంది. వాటిలో టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్ ఒకటి. వాళ్ళు చేసిన 'హై-ఫై రష్' అనే ఆటకి ఏప్రిల్‌లో బ్రిటన్ వారి బాఫ్టా బహుమతి వచ్చింది. నెల తిరక్కుండా మూత! ఫెయిలయిన పిల్లాణ్ణి బడి మాన్పించడం విన్నాను గాని, బహుమతి తెచ్చిన పిల్లాణ్ణి మాన్పించడం ఇదే వినడం. ఆగస్టులో కొరియా వారి క్రాఫ్టన్ ఆ సంస్థనీ ఆటనీ చేరదీసి పుణ్యం కట్టుకుంది. చేరదీసే ఇంకో గడప ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ ఇంకో గడప విలువ నాకు తెలుసు. నా మొదటి నవలని ఒక వారపత్రిక తిప్పి పంపింది. వారం రోజులు ఏడ్చి, కవరు మార్చి ఇంకో పత్రికకి పంపాను. వాళ్ళు సీరియల్‌గా వేశారు. మొదటి పత్రిక యజమాని రెండో పత్రికని ముందే కొనేసుకుని ఉంటే, ఆ నవల ఇవాళ మా అటకమీద ఎలకల పాలయ్యుండేది. ఆట అల్లేవాళ్ళకీ అంతే. కాదన్న గుమ్మం, అవునన్న గుమ్మం ఒకే ఇంటివైపోతే వాళ్ళు ఎక్కడికి వెళ్తారు?

ఇది ఒక్క మైక్రోసాఫ్ట్ పాపం కాదు. హైదరాబాదులో పెద్ద ఆఫీసున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థని 5,500 కోట్ల డాలర్లకి కొంటున్నామని 2025 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వ నిధి, మరిద్దరూ కలిసి ప్రకటించారు. ఇళ్ళు కట్టి కాపురాలు పెట్టించే 'ది సిమ్స్' ఆట వాళ్ళదే, మీలో కొందరి అమ్మాయిలు ఆడే ఉంటారు. ఆ డబ్బులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. ఇలాంటి బేరాల్లో అప్పు తీర్చే భారం కొన్నవాళ్ళ మీద కాదు, అమ్ముడుపోయిన సంస్థ సంపాదన మీద పడుతుంది. పెళ్ళికూతురి నగలు తాకట్టుపెట్టి పెళ్ళి చేసి, ఆ తాకట్టు కాపురానికెళ్ళి నువ్వే విడిపించుకోమ్మా అన్నట్టు! అంత అప్పు నెత్తిన పెట్టుకున్న ఇంట్లో ముందు ఎవరి ఖర్చు తగ్గిస్తారో ఇల్లు నడిపేవాళ్ళకి నేను చెప్పాలా?

అన్నట్టు, మన దీపావళి పేకాట మూడు ముక్కలు ఉంది చూశారూ, దాన్ని 'తీన్ పత్తీ గోల్డ్' పేరుతో ఫోన్లలోకెక్కించిన బెంగుళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్‌ని 2021లో స్వీడన్ వాళ్ళు కొనుక్కున్నారు. మిఠాయిలు అక్కణ్ణించి ఇటొచ్చాయి, ముక్కలు ఇక్కణ్ణించి అటెళ్ళాయి.

ఇక 'మనవాడు' అన్న మాట. మన ఊళ్ళో చదువుకున్న మనిషి 2014లో అంత పెద్ద కుర్చీ ఎక్కినందుకు నాకూ సంతోషమే. అయితే ఆ కుర్చీ వాటాదారులది. ఎక్కినాయన ది హైదరాబాదైనా హాంబర్గైనా వాళ్ళ లాభమే చూడాలి, అందుకే జీతమిస్తారు. మన ఊరివాడని మనకి మిఠాయి ఒకటి ఎక్కువ పెట్టడు.

ఈ గొడవంతా విని మా అత్తగారు ఫోను పక్కన పెట్టారు. అలా పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్ నాన్నా, రేపు వీళ్ళు దీన్ని మూసేస్తే నా మెట్లు ఏమవుతాయిరా?"

"పోతాయి అమ్మమ్మా. ఆటలో నీదంటూ ఏదీ ఉండదు. ఆడుకోడానికి అనుమతి ఇస్తారంతే. షరతుల్లో రాసే ఉంటుంది."

"అయితే అద్దె ఇల్లన్నమాట."

ఆవిడ భయం ఉత్తిది కాదు. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో ఎందరెందరు ఇల్లాళ్ళు పొలాలు దున్ని టమాటాలు పండించారు! 2020 డిసెంబరు 31న పొలం, పంట అంతా ఎత్తిపోయింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఒక చట్టం వచ్చింది. ఇలాంటివి అమ్మేటప్పుడే "ఇది మీ సొంతం కాదు, అనుమతి మాత్రమే" అని కొట్టువాడు చెప్పి తీరాలి. ఐరోపాలో ఇంకో అడుగు ముందుకేశారు. మేం కొన్న ఆటని తరవాత పనికిరాకుండా చెయ్యడానికి వీల్లేదంటూ 2024లో అర్జీ మొదలుపెడితే, 2025 జూలై నాటికి పది లక్షలకి పైగా సంతకాలు పడ్డాయి. ఇదంతా చెప్పాను.

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఆ కాయితం ఏదీ? నేనూ పెడతాను సంతకం."

"అది ఐరోపా దేశాలవాళ్ళకే అమ్మమ్మా. మనం పెట్టకూడదు."

"మరి మనం ఎక్కడ పెట్టాలి?"

మావాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. "అత్తయ్యా, కాఫీ కలుపుతావా?" అంటూ వాడు వంటింటి వైపు నడిచాడు.