ఎక్కువ సంపాదిస్తే శిక్షా?

పేదవాడు ఎప్పటికీ పేదవాడుగానే ఉండాలని ఏ ప్రభుత్వమూ ప్రకటించదు. అయితే సంక్షేమ పథకాల నిబంధనలను వరుసగా చదివితే అవి చెబుతున్నది అదేనని మేము భావిస్తున్నాం.

తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు, షాదీ ముబారక్‌కు, మైనారిటీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఒకే గీత గీశారు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు మించరాదు. పట్టణంలో నెలకు 16,500 రూపాయలు తెచ్చుకునే మెకానిక్ ఆదాయం ఏడాదికి 1,98,000. అతడు అర్హుడు. యజమాని నెలకు మరో 500 పెంచితే అది 2,04,000 అవుతుంది. అతడు అనర్హుడు. ఏడాదికి వచ్చిన లాభం 6,000 రూపాయలు. ఆ ఏడు కుమార్తె నికాహ్ ఉంటే పోయేది 1,00,116 రూపాయలు. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున అందే సన్నబియ్యం, కుమారుడి కళాశాల ఫీజు దీనికి అదనం. ఈ లెక్క తెలిసిన తండ్రి జీతం పెంచమని ఏ ధైర్యంతో అడుగుతాడు?

మన సముదాయానికి ఈ గీత మరింత కఠినమైనది. ముస్లింలలో నెలజీతపు ఉద్యోగాలు తక్కువని, స్వయం ఉపాధి ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. ఆటో, పండ్ల బండి, లాడ్ బజారు లక్క గాజుల పని, ఇవన్నీ రంజాన్‌లో పొంగి వానాకాలంలో ఎండిపోయే ఆదాయాలు. ఇంటి తల్లి మగ్గం పనితో నెలకు నాలుగు వేలు తెస్తే చాలు, కుటుంబం గీత దాటుతుంది. ముందుగా ప్రమాదంలో పడేది కూతురి చదువే.

పైవర్గాల పట్ల ఈ నిర్దయ లేదు. కొత్త ఆదాయపు పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను పడదు. ఆ హద్దును కొద్దిగా దాటినవారికి, దాటిన మొత్తానికి మించి పన్ను పడకుండా మార్జినల్ రిలీఫ్ అనే రక్షణ ఉంది. ఎక్కువ సంపాదించినందుకు మనిషి నష్టపోరాదన్న న్యాయం 12 లక్షలవారికి వర్తించి, 2 లక్షలవారికి ఎందుకు వర్తించదు? ఇ.డబ్ల్యు.ఎస్. రిజర్వేషన్‌లో 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం ఆర్థికంగా బలహీనమైనదే. మరి 2,04,000 తెచ్చుకునే మెకానిక్ సంపన్నుడా?

పరిమితి సడలిస్తే అనర్హులు చొరబడతారని కొందరి వాదన. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు తెలిసినంతలో, చొరబాటుకు దారి తీసేది ఈ గీతే. అబద్ధం చెప్పినవానికి ధ్రువపత్రం, నిజం చెప్పినవానికి తిరస్కారం, నడుమ దళారికి మామూలు. ఖజానా మోయలేదనడమూ సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీకి, తెలంగాణలో మైనారిటీల విదేశీ విద్యా సాయానికి ఆదాయ పరిమితిని 5 లక్షలకు పెంచారు. సంకల్పం ఉన్నచోట గీత కదిలింది.

పనిచేసుకునేవాడు పేదవాడు కాడన్న ఆలోచన మన ధర్మానికీ విరుద్ధమే. దివ్యఖుర్ఆన్ కహఫ్ సూరాలో సముద్రంపై శ్రమించే పడవవారిని నిరుపేదలుగానే పేర్కొంది. చేతిలో జీవనాధారం ఉన్నంత మాత్రాన అవసరం తీరినట్లు కాదని ధర్మశాస్త్రవేత్తలు దాని నుంచి గ్రహించారు.

కనుక మా కోరికలు మూడు. మొదటిది, ధరలననుసరించి ఆదాయ పరిమితిని ఏటా సవరించాలి. షాదీ ముబారక్ సాయం 2014లో 51,000 ఉండి 2018 నాటికి 1,00,116కు పెరిగింది, పట్టణ పరిమితి మాత్రం 2 లక్షల వద్దే నిలిచిపోయింది. రెండవది, గీత దాటగానే సాయం తెగిపోక మెట్లు మెట్లుగా తగ్గాలి. రెండున్నర లక్షల వరకు ముప్పాతిక, 3 లక్షల వరకు సగం ఇవ్వవచ్చు. మూడవది, కోర్సులో చేరిన విద్యార్థికి అది ముగిసేవరకు, ఇంటి ఆదాయం పెరిగిందన్న సాకుతో ఫీజు ఆపరాదు.

మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, యువకులు ఈ మూడు కోరికలతో శాసనసభ్యులకు, కలెక్టరు ప్రజావాణికి వినతిపత్రాలు సమర్పించాలి. ధ్రువపత్రంలో అంకె తగ్గించుకునే దారులు వెతకడం మాని, ఆ నిబంధననే మార్పించుకోవాలి. కష్టపడి ఒక మెట్టు ఎక్కినవాని కాళ్ల కింది నిచ్చెన లాగవద్దనే మనం అడుగుతున్నాం.