అందరి ఫొటో పేరూ ఒకటే అయితే!

ఉద్యోగ ప్రకటన పడుతుంది. వేలమంది ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, ఫొటో జతచేస్తారు. చాలామంది ఆ ఫైలుకి పెట్టే పేరు 'ఫొటో.జేపీజీ'! సర్వర్ అదే పేరుతో దాచుకుంటే? రెండోది రాగానే మొదటిది చెరిగిపోతుంది. ఒకరి దరఖాస్తు మీద మరొకరి మొహం!

2009లో రయాన్ డాల్ రూపొందించిన 'నోడ్ జేఎస్'తో నడిచే సైట్లలో ఇందుకోసం 'మల్టర్' అనే ఉచిత ప్రోగ్రాం వాడుతుంటారు. వివరాలూ ఫొటో ఒకే మూటగా, ముక్కలు ముక్కలుగా సర్వర్‌కి చేరతాయి. మల్టర్ ఆ మూట విప్పి, ఫొటోకి మరే ఫైలుకీ లేని కొత్త పేరు పెట్టి డిస్కులో భద్రపరుస్తుంది.

సైజు సంగతి మాత్రం దానికి పట్టదు. హద్దు చెప్పకపోతే ఎంత పెద్ద ఫైలొచ్చినా తీసుకుంటూనే ఉంటుంది. డిస్కు నిండిపోతే, ఆఖరి రోజున దరఖాస్తు చేసేవాళ్ల గతేంటి? అందుకే ఆ హద్దు ప్రోగ్రామరే రాయాలి. పేరు చివర 'జేపీజీ' ఉంది కదాని నమ్మేయకుండా, లోపల ఉన్నది నిజంగా ఫొటోనేనా అనీ చూడాలి. పేరు ఎవరైనా మార్చగలరు మరి!

ఈసారి '50 కేబీ మించరాదు' అన్న నిబంధన కనిపిస్తే విసుక్కోనక్కర్లేదు. వెనకాల వచ్చేవాళ్లకీ చోటు మిగలాలిగా!