విమర్శ కవితకా, కవయిత్రికా?

కవులు నలుగురు చేరిన చోట ఇప్పుడు రెండే మాటలు. చిన్న పత్రికలు నడపలేకపోతున్నామని ఒకటి, సమీక్షలు మరీ మొరటుగా ఉంటున్నాయని ఇంకొకటి. పుస్తకాన్ని ఉతికి ఆరేస్తే కొత్తవాళ్ళు బెదిరిపోతారని కొందరంటే, అన్నీ బాగున్నాయంటే కవిత్వం బాగుపడేదెలా అని మరికొందరు. ఈ గొడవలో మన ఆడవాళ్ళ సంగతి కాస్త వేరు.

కటువుగా మాట్లాడితే చెరుపే జరుగుతుందని అనలేం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ముడుంబ రాఘవాచార్యులు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసి చూపించారు. కాకపోతే ఆయన చేతిలో ‘గోలకొండ పత్రిక’ ఉంది. జవాబు చెప్పుకోవడానికి చోటుంది. మన సిద్దిపేటలో 1986లో నందిని సిధారెడ్డి గారు మంజీర రచయితల సంఘం పెట్టినప్పుడూ జరిగిందదే. పట్నం పత్రికల వాకిట నిలబడకుండానే ఇక్కడి వాళ్ళు తమ గొంతు వినిపించగలిగారు.

మరి ఆ చోటు లేని ఆడదాని మాటేమిటి? పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. కందుకూరి వీరేశలింగం గారంతటి వారు పద్యాల మంచిచెడ్డలతో ఆగలేదు. ఆమె వృత్తినీ ఎత్తిచూపారు, ఆడవాళ్ళు వినకూడని రాతలన్నారు. మగకవుల శృంగారానికి లేని తప్పు ఆమెకెందుకని బెంగళూరు నాగరత్నమ్మ గారు నిలదీసి, 1910లో ఆ కావ్యాన్ని మళ్ళీ అచ్చువేయించారు. మరుసటేడే ప్రభుత్వం ఆ ప్రతుల మీద పడింది. స్వాతంత్ర్యం వచ్చాకగానీ నిషేధం పోలేదు.

ఎనభై ఏళ్ళు గడిచాకైనా మార్పొచ్చిందా? కాన్పు నొప్పులూ, పడకగది హింసా కవితల్లోకి రాగానే ‘నీలి కవిత్వం’ అని వెక్కిరించారు. ఆ మాటనే తీసుకుని ఓల్గా గారి సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది 1993లో. అదే ఏడాది ‘భూమిక’ పత్రికా మొదలైంది. తిట్టిన నోళ్ళు మూతపడలేదు గానీ, చదివేవాళ్ళకి రెండో పక్షం కూడా వినబడింది.

అందుకే విమర్శ ఘాటుగా ఉందా, మెత్తగా ఉందా అన్నది కాదు ప్రశ్న. ఎవరి మీద ఉందన్నదే ప్రశ్న. ‘ఈ పాదం తేలిపోయింది, ఈ పోలిక అరువుది’ అంటే బాధేసినా నేర్చుకుంటాం. ‘కాపురం చేసుకునే ఆడదానికి ఇవేం రాతలు?’ అంటే అందులో నేర్చుకునేదేముంది? అలాంటి మాట ఇంట్లోవాళ్ళ చెవిన పడితే చాలు, ఆ నోట్‌బుక్కు అటకెక్కుతుంది. మగకవికి పోయేది ఒక సమీక్షే. మనకి పోయేది కలమే.

అలాగని ఫోన్లలో ఇప్పుడు సాగుతున్న ‘ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం’ మెచ్చుకోళ్ళూ మనకొద్దు. దండాలూ పూలగుత్తులూ కవితని ఒక్క అక్షరమైనా దిద్దవు. నలభై పేజీల చిన్న పత్రికైనా సరే, కవితని చదివి తప్పు చెప్పేవాళ్ళూ, దానికి రాసినామె ఇచ్చే జవాబూ పక్కపక్కన అచ్చయితే ఎంత బాగుంటుంది! ఇంట్లో వారపత్రికకీ, టీవీకీ లెక్క చూడకుండా ఇస్తాం. అలాంటి పత్రిక ఒక్కదానికి ఏడాది చందా కట్టడం మనకంత బరువా?