రంపం కొన్నారు సరే, ఆకురాయి కొన్నారా?

కడప జిల్లాలో స్ప్రేయర్లు, పెట్రోలు రంపాలు బాగుచేసే షాపు నాది. వానలు వెనకబట్టి పొలాలు ఆరాయంటే చాలు, కంప కొట్టే రంపాలన్నీ నా గుమ్మం ముందుకొస్తాయి. తెచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట: “అన్నా, మిషన్ లాగడంల్యా, ఇంజను పోయినట్టుండాది.” మూత తీసి చూస్తే చాలాసార్లు ఇంజను భేషుగ్గా ఉంటుంది. గొలుసు పళ్ళే అరిగి నున్నగా అయిపోయుంటాయి. “ఆకురాయి ఉందా?” అంటే అదేంటన్నట్టు చూస్తారు. వేలకు వేలు పోసి మిషను కొన్న మనిషి దాన్ని నిలబెట్టే చిన్న పనిముట్టు మాత్రం కొనడు. అమ్మేవాడూ అడగడు.

మా సీమలో రంపానికి అసలు పని సర్కారు తుమ్మతోనే. 1877లో మా కమలాపురంలోనే దీన్ని తెచ్చి నాటారు. వంటచెరకు కోసమని వచ్చిన చెట్టు చెరువులు, వంకలు, బీళ్ళు అన్నీ ఆక్రమించింది. కట్టె గట్టిది, బొగ్గుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాదనను. కానీ మోకాలెత్తున కోసి వదిలేస్తే మొదట్లోంచి గుత్తులుగా చిగురేసి మళ్ళీ పొదవుతుంది. అది తెలిసినోళ్ళు మరీ తెలివికి పోయి నేలకు ఆనించి కోస్తారు. అక్కడే గొలుసు చస్తుంది. తిరిగే గొలుసు క్షణంపాటు ఇసుకను తాకితే చాలు, పొద్దుటి నుంచి ఉన్న పదునంతా పోతుంది. జానెడెత్తు మొద్దు వదిలి కోయండి, మిగతాది జేసీబీతో వేరు మొదలుతో సహా పెకలించండి. చెట్టు చావాలంటే అదే దారి. రంపంతో సర్కారు తుమ్మను చంపిన మగాడు ఇంకా పుట్టలేదు.

ఇక కొనే సంగతి. జనానికి పొడుగు బారు (గొలుసు చుట్టూ తిరిగే పట్టీ) మీద మోజు. 22 అంగుళాల బారు, 58 సీసీ అని అట్టపెట్టె మీద రాసుంటే చాలు, చవగ్గా వస్తోందని ఎత్తుకొచ్చేస్తారు. తుమ్మ కొమ్మలు తొడ లావు మించేవి తక్కువ. కట్టెలకు, తోట శుభ్రానికి 16 అంగుళాల బారు ధారాళంగా సరిపోతుంది. బరువు తగ్గుతుంది, చెయ్యి నొప్పెట్టదు, పదును పెట్టాల్సిన పళ్ళూ తక్కువే. స్టిల్ అయినా, హస్క్‌వర్నా అయినా, చైనా సరుకైనా నేనడిగేది ఒకటే: దాని గొలుసు, బారు, స్ప్రాకెట్ మీ మండల కేంద్రంలో దొరుకుతాయా? దొరక్కపోతే ఎంత గొప్ప పేరున్నా వద్దు.

పదును పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. చిన్న గొలుసులకు సాధారణంగా 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పెద్దవాటికి 4.8 లేదా 5.2. గొలుసు డబ్బా మీద రాసే ఉంటుంది. పన్ను మీద 30 డిగ్రీల గీత ఉంటే దాని వెంబడే లోపల్నుంచి బయటికి తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి. అన్నిటికీ సమానంగా రెండు మూడు తోపులు చాలు. ఒకవైపు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది. పదునున్న గొలుసు కట్టెను పెచ్చులుగా రాలుస్తుంది. పిండిలాంటి పొట్టు రాలుతోందంటే ఆపి ఆకురాయి తీయండి. అప్పుడూ బలంగా అదిమి కోసేవాళ్ళ వల్లే బార్లు కాలి నల్లబడతాయి. (నా వ్యాపారానికి అదీ మంచిదే అనుకోండి.)

నూనె దగ్గర కక్కుర్తి వద్దు. ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిలు గొలుసు ట్యాంకులో పోస్తుంటారు. అందులో ఉన్న ఇనుప రజను బారును తినేస్తుంది. పెట్రోల్లో టూటీ ఆయిలు మిషను పుస్తకంలో ఎంత రాస్తే అంతే కలపండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది, అది తేమ పీలుస్తుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగిపోయేదాకా తిప్పి పెడితే కార్బురేటర్ బతుకుతుంది.

నాకు కోపమొచ్చేది మాత్రం వేరే చోట. పూర్తి వేగంలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. బారు కొస పైభాగం కొమ్మకు తగిలితే రంపం ముఖం మీదికి తన్నుతుంది. దాన్ని పట్టుకునే కూలీ ఒంటి మీద లుంగీ, కాళ్ళకు హవాయి చెప్పులు. వేపచెట్టెక్కి ఒంటి చేత్తో కోస్తుంటాడు. దిగమంటే “అలవాటేలే అన్నా” అంటాడు. కూలికి పిలిచిన రైతు కింద నిలబడి తొందరపెడుతుంటాడు. రంపం అలా తన్నినప్పుడు గొలుసును ఆపే చైను బ్రేకు విరిగిపోతే తీసి పారేసి వాడుతున్న మిషన్లు నా షాపుకు వస్తూనే ఉంటాయి. బ్రేకు వేయించుకోనంటే నేను ముట్టుకోను. తిట్టుకుంటూ ఇంకో షాపుకు పోతారు.

అమ్మకందార్లకు నా విన్నపం: జాలీ ఉన్న హెల్మెట్, కాళ్ళకు కట్టే మందపాటి తొడుగు, ఆకురాయి కలిపి ఒకే బిల్లుగా అమ్మండి. యంత్రాలకు రాయితీలిచ్చే అధికారులు రంపానికి రాయితీ ఇస్తే ఈ మూడూ ఇచ్చాకే ఇవ్వాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు కోత కూలీలకు ఒక్కరోజు శిక్షణ పెట్టాలి. పిలిస్తే నేనొచ్చి పదును పెట్టడం నేర్పుతాను, పైసా తీసుకోను.